గోడ మీద పిల్లిని దింపడం ఎలా? క్లాసులో ఒప్పించే ఉపన్యాసం: టాపిక్ వెతకడం నుంచి ప్రశ్నలకు జవాబులిచ్చేదాకా

హైస్కూల్లో నేనిచ్చిన మొదటి ఉపన్యాసం చెట్లు నాటడం గురించి. మూడు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా దంచేశాను. చప్పట్లు బాగానే పడ్డాయి, మార్కులు మాత్రం సగానికి కాస్త పైన ఆగిపోయాయి. ఎందుకని అడిగితే టీచర్ ఒక్క ప్రశ్న వేశారు: "చెట్లు వద్దనేవాళ్లు ఈ క్లాసులో ఎవరైనా ఉన్నారా?" లేరు. మరి నేను ఒప్పించింది ఎవర్ని?

ఏ క్లాసులోనైనా మీ మాటకు ముందే తలూపేవాళ్లు కొందరుంటారు. ఏం చెప్పినా ఒప్పుకోనివాళ్లు ఇంకొందరుంటారు. ఈ ఇద్దరి మధ్యా గోడ మీద పిల్లులుంటాయి, అంటే ఎటూ తేల్చుకోనివాళ్లు. మీ ఉపన్యాసం ఆ పిల్లుల కోసం. టాపిక్ మొదలుకొని చివరి వాక్యం దాకా ప్రతిదీ వాళ్లను తలుచుకుని నిర్ణయించుకోండి. సగం తప్పులు మొదట్లోనే తప్పిపోతాయి.

మీకు వారం టైముందనీ, మాట్లాడాల్సింది నాలుగైదు నిమిషాలనీ అనుకుని రాస్తున్నాను. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుంటాను: పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదవకూడదు.

1. ముందు టీచర్ ఇచ్చిన కాగితం చదవండి

ఎన్ని నిమిషాలు? ఎన్ని ఆధారాలు చెప్పాలి? ఎదుటి వాదనకు జవాబివ్వడం తప్పనిసరా? కాగితం చూసి మాట్లాడితే మార్కులు తగ్గుతాయా? ఇవి తెలియకుండా పెన్ను పట్టుకోవద్దు. కాగితంలో లేకపోతే అడిగేయండి.

2. టాపిక్: కాదనేవాడు ఉండాలి

"పర్యావరణాన్ని కాపాడుకుందాం", "చదువు ముఖ్యం", "పొగ తాగరాదు". ఇవన్నీ మంచి మాటలే, కానీ క్లాసులో కాదనేవాడు దొరకడు. ఎవరూ కాదననిదాన్ని గంటసేపు చెప్పినా అది ఊకదంపుడే.

టాపిక్‌ను మూడు ప్రశ్నలతో పరీక్షించండి. దీన్ని కాదనే తెలివైన మనిషి ఒక్కడైనా ఈ గదిలో ఉన్నాడా? విన్నవాళ్లు రేపే చేయగలిగిన పని ఏదైనా ఇందులో ఉందా? దీని గురించి నాకు నిజంగా పట్టింపు ఉందా? మూడో ప్రశ్నను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మీకే ఆసక్తి లేని విషయం మీ గొంతులో తెలిసిపోతుంది, దాన్ని దాచడం పెద్ద నటులకే కష్టం.

టాపిక్ దొరికాక దాన్ని ఒక పూర్తి వాక్యంగా మార్చండి. "నిద్ర" అన్నది టాపిక్, వాదన కాదు. "విద్యార్థులకు నిద్ర అవసరం" అంటే అందరూ ఊఁ అంటారు, ఎవరూ కదలరు. "పరీక్ష ముందు రాత్రి పదిన్నరకు పుస్తకం మూసేయాలి" అనండి. వెంటనే వెనక బెంచీ నుంచి "అమ్మో, అదెలా కుదురుతుంది?" అని వినపడుతుంది. ఆ "అమ్మో" వినపడిందంటే మీకు టాపిక్ దొరికినట్టే.

అడిగేది చిన్నదిగా ఉండాలి. నాలుగు నిమిషాలు విని ఎవరూ జీవితం మార్చుకోరు. ఒక్క రాత్రికి ఒక్క పని చేసి చూడమంటే చూస్తారు.

3. పిల్లుల్ని లెక్కపెట్టండి

ఈ అడుగు దాదాపు ఎవరూ వేయరు. వేసినవాళ్ల ఉపన్యాసం మాత్రం రెండో నిమిషంలోనే తేడాగా వినిపిస్తుంది.

క్లాసులో ఐదుగురిని ఎంచుకోండి. మీ ప్రాణ స్నేహితుల్ని వదిలేయండి, వాళ్లు మొహమాటానికి ఒప్పేసుకుంటారు. ఒక్కొక్కరినీ విడిగా అడగండి: "పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదువుతావా? ఎందుకు?" వాళ్లు చెప్పేటప్పుడు వాదనకు దిగకండి. వినండి, వాళ్ల మాటల్ని వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

నిద్ర గురించి అడిగితే ఇలాంటి జవాబులు రావచ్చు: "సిలబస్ అవ్వలేదు, ఇంకేం చేస్తాం?" "రాత్రయితేనే నాకు బుర్ర పనిచేస్తుంది." "ముందే పడుకుంటే ఇంట్లో బద్ధకమంటారు." "పడుకున్నా నిద్ర రాదు, టెన్షన్."

నాలుగు జవాబులు, నాలుగూ వేరు. మొదటివాడికి టైము లేదు. రెండోవాడికి తన అలవాటు మీద నమ్మకం. మూడోవాడికి నలుగురూ ఏమనుకుంటారోనని. నాలుగోవాడికి భయం. నాలుగు నిమిషాల్లో నలుగురికీ సమాధానం చెప్పలేరు. ఎక్కువమంది నోట వచ్చింది ఏదో, గోడకు అంచున ఉన్నది ఎవరో చూసి, ఒకటి రెండు అభ్యంతరాల్ని ఎంచుకోండి. మీ ఉపన్యాసానికి వెన్నెముక ఇదే.

ఇంకో లాభం కూడా ఉంది. రేపు మీరు "'సిలబస్ అవ్వలేదు, ఇంకేం చేస్తాం?' ఈ మాట మనలో చాలామంది అన్నదే" అని మొదలుపెడితే, ఆ మాటన్నవాడు తలెత్తి చూస్తాడు. పేరు మాత్రం చెప్పకండి.

4. ఆధారాలు: కొన్ని చాలు, గట్టివైతే

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఒప్పించే దారుల్ని మూడుగా విడదీశాడు. చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసులో కలిగే భావన, మాటలోని తర్కం. ఇన్ని వందల ఏళ్లయినా ఆ లెక్క పెద్దగా మారలేదు. హైస్కూలు ఉపన్యాసాల్లో సాధారణంగా ఒకటే కనిపిస్తుంది. కొందరు అంకెల్ని కుప్పలు పోస్తారు, ఇంకొందరు కన్నీళ్లు పెట్టిస్తారు. మూడూ కలవాలి.

తర్కం కోసం రెండు గట్టి ఆధారాలు వెతకండి. నా ఉదాహరణకైతే ఇవి దొరుకుతాయి: 13 నుంచి 18 ఏళ్లవాళ్లు రోజుకు 8 నుంచి 10 గంటలు నిద్రపోవాలని 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సిఫార్సు చేసింది. ఇక 1997లో నేచర్ అనే సైన్స్ పత్రికలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 24 గంటలు మేలుకున్నవాళ్ల పనితనం, రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్నవాళ్ల పనితనం స్థాయికి పడిపోయింది.

ఈ రెండో అంకెను అలాగే చదివితే క్లాసు ఆవులిస్తుంది. అంకెను బొమ్మగా మార్చాలి: "రాత్రంతా మేలుకుని పరీక్షకు వెళ్లడమంటే, తాగి పరీక్షకు వెళ్లినట్టే అనుకోండి. ఆ స్థితిలో ఉన్నవాడికి బండి తాళమైనా ఇస్తామా?" ఇప్పుడు నవ్వుతారు, తర్వాత ఆలోచిస్తారు. అయితే నిజాయితీ తప్పకూడదు. ఆ ప్రయోగం పూర్తిగా 24 గంటలు మేలుకున్నవాళ్ల గురించి. ఒంటిగంటకు పడుకున్నవాడికి దాన్ని అంటగడితే, తెలివైన శ్రోత ఒక్కడు పట్టుకున్నా మీ మిగతా మాటలన్నీ గాలికి పోతాయి.

ఎక్కడ దొరికిందో నోటితోనే చెప్పండి: "నేచర్ పత్రికలో 1997లో వచ్చిన ప్రయోగం ప్రకారం" అని. మీ మీద నమ్మకం కుదిరేది అలాంటి చోటే. "శాస్త్రవేత్తలు అంటున్నారు", "ఇంటర్నెట్‌లో చూశాను" అంటే ఉన్న నమ్మకం పోతుంది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తేలని ఏ అంకెనూ వాడవద్దు, అదెంత అందంగా ఉన్నా సరే.

భావన కోసం ఒక్క చిన్న సంఘటన చాలు. మీదే అయితే మేలు. తెలిసిన జవాబే పరీక్ష హాల్లో గుర్తు రాక, బయటికొచ్చి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చిన అనుభవం మీకుంటే అదే చెప్పండి. లేనిది కల్పించవద్దు.

5. అస్థిపంజరం

1930లలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో అలన్ మన్రో అనే అధ్యాపకుడు ఒప్పించే ఉపన్యాసానికి ఐదు మెట్ల వరుస తయారుచేశాడు. ఇప్పటికీ ప్రసంగ కళ క్లాసుల్లో నేర్పుతారు. మొదటిసారి మాట్లాడేవాళ్లకు ఇంతకంటే సులువైనది నాకు కనపడలేదు.

మొదటి మెట్టు, అందరి చూపూ మన వైపు తిప్పుకోవడం. తెలిసిన జవాబు మెట్ల మీద గుర్తొచ్చిన సంగతి ఇక్కడ చెప్తారు. అరనిమిషం.

రెండోది, సమస్య వాళ్లదేనని చూపించడం. మేలుకుని చదివింది ఎందుకు నిలవదు? పగలు చదివినదాన్ని మెదడు గట్టిపరచుకునే పని చాలావరకు నిద్రలో జరుగుతుంది. నిద్ర కోసేస్తే, చదివింది సరిగ్గా అతకకముందే పరీక్ష రాసినట్టు. ఆధారాలు వచ్చేది ఇక్కడే. ఒకటిన్నర నిమిషం దాకా తీసుకోవచ్చు.

మూడోది, పరిష్కారం. పదిన్నరకు పుస్తకం మూయాలి. "అవ్వని సిలబస్ సంగతి?" అని పిల్లి మ్యావ్ అంటుంది. ఆఖరి రాత్రి కొత్త పాఠం ముట్టుకోకుండా, చదివినవాటిలో ముఖ్యమైనవి మాత్రం ఒక కాగితం మీద రాసుకుని తిరగేయమనండి. ఎలా చేయాలో చెప్పని పరిష్కారం సలహాగానే మిగిలిపోతుంది.

నాలుగోది, కళ్లకు కట్టడం. పదిన్నరకు పడుకున్నవాడి ఉదయం ఎలా ఉంటుంది, మూడింటికి పడుకున్నవాడి ఉదయం ఎలా ఉంటుంది. రెండు మూడు వాక్యాలు, అంతే. ఎక్కువైతే ప్రకటనలా ఉంటుంది.

ఐదోది, ఒక్క పని అడగడం. "వచ్చే పరీక్షకు, ఒక్క పరీక్షకే, పదిన్నరకు అలారం పెట్టండి. నిద్ర లేవడానికి కాదు, పడుకోవడానికి."

ఈ ఐదూ ఒక పేజీలో ముక్కలు ముక్కలుగా రాసుకోండి. పూర్తి వాక్యాలు ఇప్పుడే వద్దు.

6. ఎదుటి వాదన

అవతలివాళ్ల వాదన ఊసెత్తితే మన వాదన పలచబడుతుందని చాలామంది భయపడతారు. జరిగేది అందుకు భిన్నం. విలియం మెక్‌గ్వైర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో దీన్ని టీకాతో పోల్చాడు. ఎదుటి వాదనను కొద్దిగా వినిపించి, వెంటనే జవాబు చెప్తే, తర్వాత ఎవరైనా అదే వాదనతో వచ్చినా విన్నవాళ్లు అంత తేలిగ్గా అటు ఒరగరు.

షరతు ఒకటే: ఎదుటి వాదనను దాని బలమైన రూపంలో చెప్పాలి. "కొందరు బద్ధకస్తులు ముందంతా ఆడుకుని ఆఖర్న చదువుతారు" అంటే మీరు గోడ మీదవాణ్ని అటువైపు తోసేసినట్టే. ఇలా చెప్పి చూడండి: "ఒక్క రాత్రి మేలుకుని చదివి గట్టెక్కినవాళ్లు మనలో ఉన్నారు. నేనూ గట్టెక్కాను. రేపు పొద్దున్నే పరీక్ష, రెండు పాఠాలు అసలు తెరవలేదు, అలాంటప్పుడు పడుకోమనడం సులువు కాదని నాకు తెలుసు." ఇప్పుడతను మీ వైపు చూస్తున్నాడు, ఎందుకంటే అతని మాట మీరు చెప్పారు. ఆ తర్వాత "కానీ" అనండి. "కానీ ఆ రెండు పాఠాల కోసం, బాగా వచ్చిన ఎనిమిది పాఠాల్ని పణంగా పెడుతున్నాం."

ఒప్పుకోవాల్సింది ఉంటే ఒప్పేసుకోండి. కొంత విడిచిపెట్టినవాడి మీద నమ్మకం పెరుగుతుంది.

7. చెవి కోసం రాయండి

తెలుగులో మాట్లాడేవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. పెన్ను పట్టుకోగానే మనకు వేరే భాష వచ్చేస్తుంది. "నిద్రలేమి కారణంగా విద్యార్థుల జ్ఞాపకశక్తి క్షీణించుచున్నదని గమనించవలసియున్నది" అని రాసేస్తాం. కాగితం మీద హుందాగానే ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే నాలుక మడత పడుతుంది, చెవిలో పడితే నిద్రొస్తుంది. "నిద్ర లేకపోతే చదివింది గుర్తుండదు" అంటే చాలదా? "కంకణబద్ధులమవుదాం", "ఎంతైనా ఉంది" లాంటి అరిగిపోయిన ముగింపులు కూడా అంతే, వాటిని విన్నట్టు ఎవరికీ గుర్తుండదు.

పాఠకుడు అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పుతాడు. శ్రోతకు ఆ అవకాశం లేదు. అందుకే వాక్యం పొట్టిగా ఉండాలి, ముఖ్యమైన మాట రెండు మూడుసార్లు రావాలి, ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్తున్నప్పుడు "సరే, మరి ఏం చేద్దాం?" లాంటి చిన్న వంతెన ఉండాలి.

నిడివి గురించి ఒక మాట. ఇంగ్లీషులో నిమిషానికి 130 నుంచి 150 పదాలని లెక్క చెప్తుంటారు. అది మనకు పనికిరాదు. తెలుగులో "చదువుకోలేకపోతున్నామంటే" అన్నదంతా ఒకే పదం. మీరు రాసిందాంట్లో ఒక పేజీని గట్టిగా, నిదానంగా చదివి గడియారం చూసుకోండి. మీ లెక్క మీకే తెలుస్తుంది. ఇచ్చిన టైముకు అరనిమిషం తక్కువ వచ్చేలా రాయండి.

తక్కువైతే బాగుండదేమో అనిపిస్తే ఒక పాత సంగతి చెప్తాను. 1863 నవంబర్ 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పేరున్న వక్త సుమారు రెండు గంటలు మాట్లాడాడు. ఆయన తర్వాత అధ్యక్షుడు అబ్రహాం లింకన్ మాట్లాడింది రెండు మూడు నిమిషాలు. అందులో ఉన్నవి 270 పదాల చిల్లర. ఈరోజు ఎవరి ఉపన్యాసం గుర్తుందో చెప్పనక్కర్లేదు.

8. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు

వీటిని ఆఖర్న రాయండి, వీటిని మాత్రమే బట్టీ పట్టండి. "అందరికీ నమస్కారం, నా పేరు ఫలానా, ఈరోజు నేను మాట్లాడబోయే అంశం..." అనే మొదలు క్లాసుకు ఒక సంకేతం: ఇక నిద్రపోవచ్చని. మీ పేరు వాళ్లకు తెలుసు. నేరుగా సంఘటనలోకి దూకండి. "మూడో ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. పరీక్ష హాల్లో తప్ప అన్నిచోట్లా తెలుసు."

ముగింపులో "ఇంతటితో ముగిస్తున్నాను" అక్కర్లేదు. అడగాల్సిన పని అడిగి, ఒక్క క్షణం ఆగి, "థాంక్యూ" అని కూర్చోండి.

9. చీటీలు, సాధన

మొత్తం బట్టీ పడితే ఒక్క మాట జారినా గొలుసంతా తెగిపోతుంది. మొత్తం కాగితంలో చూసి చదివితే మీ నడినెత్తి తప్ప క్లాసుకు ఏమీ కనపడదు. మధ్యే మార్గం, అరచేతిలో పట్టేంత ఐదు అట్టముక్కలు, ఒక్కో మెట్టుకు ఒకటి. ఒక్కో దాని మీద ఐదారు మాటలు, పెద్ద అక్షరాల్లో. అంకెలు, ఆధారాల పేర్లు మాత్రం పూర్తిగా రాసుకోండి. మూలన నంబర్లు వేయడం మరిచిపోవద్దు. చేతిలోంచి జారి కింద చెల్లాచెదురైతే అప్పుడు తెలుస్తుంది ఆ నంబర్ల విలువ.

సాధన నిలబడి చేయండి, గొంతు పైకి వచ్చేలా. మంచం మీద పడుకుని మనసులో చదువుకోవడం సాధన కిందికి రాదు. అద్దం ముందు చేయమని అందరూ చెప్తారు, నాకైతే నచ్చదు. మన మొహం మనం చూసుకుంటూ ఉంటే మాట మీద ధ్యాస ఉండదు. దానికంటే ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. మొదటిసారి మన గొంతు మనకే నచ్చదు, అందరికీ అంతే. రెండోసారి విన్నప్పుడు ఊతపదాల్ని లెక్కపెట్టండి: "అంటే", "మరి", "సో", "యాక్చువల్‌గా". వాటిని బలవంతంగా ఆపక్కర్లేదు. అవి వచ్చే చోట నోరు మూసుకుని ఒక క్షణం ఆగండి. ఆ నిశ్శబ్దం మీకు యుగంలా ఉంటుంది, వినేవాళ్లకు మీరు ఆలోచించి మాట్లాడుతున్నట్టుంటుంది.

రోజుకు రెండుసార్ల చొప్పున నాలుగు రోజులు చేస్తే, ఆఖరి రాత్రి ఎనిమిదిసార్లు చేసినదానికంటే బాగా నిలుస్తుంది. ఒక్కసారైనా మీతో వాదించే మనిషి ముందు చేయండి. ఇంట్లో అలాంటివాళ్లు ఒకరుంటారు, వెతకాల్సిన పని ఉండదు.

స్లైడ్లు తప్పనిసరైతే ఒకటో రెండో చాలు. ఒక స్లైడ్‌కు ఒక బొమ్మ లేదా ఒక అంకె. మీరు చెప్పబోయే వాక్యాలే తెర మీద ఉంటే మీరెందుకు?

10. గుండె దడ

నాలుక పిడచకట్టుకుపోవడం, అరచేతుల్లో చెమట, మోకాళ్లలో వణుకు. ఇవన్నీ ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగినప్పుడు జరిగేవే. "ప్రశాంతంగా ఉండు" అని మనకు మనమే చెప్పుకుంటే పెద్దగా పనిచేయదు, పరుగెడుతున్న గుండెను ఒక్క మాటతో ఆపలేం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఉపన్యాసానికి ముందు "నేను ఉత్సాహంగా ఉన్నాను" అని పైకి అనుకున్నవాళ్ల మాటలు, "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల మాటలకంటే ఎక్కువ ఒప్పించేలా ఉన్నాయని విన్నవాళ్లు చెప్పారు. భయానికీ ఉత్సాహానికీ గుండె ఒకేలా కొట్టుకుంటుంది, మనం పెట్టే పేరే వేరు.

రెండో సంగతి నాకు ఇంకా ఎక్కువ పనికొచ్చింది. మన కంగారు అందరికీ కనిపించిపోతోందని మనకు అనిపిస్తుంది. నిజానికి బయటికి కనిపించేది చాలా తక్కువ. కెనెత్ సావిట్‌స్కీ, టామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఈ విషయాన్ని పరీక్షించారు. ఈ సంగతి ముందే చెప్పి మాట్లాడించినవాళ్లు మిగతావాళ్లకంటే బాగా మాట్లాడారు. అంటే ఈ పేరా చదవడమే మీకు కొంత మందు.

"నాకు చాలా భయంగా ఉంది, ఏమనుకోకండి" అని మాత్రం మొదలుపెట్టవద్దు. అప్పటిదాకా ఎవరూ గమనించనిదాన్ని మీరే వేలుపెట్టి చూపించినట్టు.

11. ఆ ఐదు నిమిషాలు

పేరు పిలవగానే పరుగెత్తకండి. ముందుకొచ్చి, రెండు పాదాలూ నేల మీద ఆనించి, అట్టముక్కలు సర్దుకుని, ఒక ఊపిరి తీసుకుని, ఒకరి మొహం చూసి అప్పుడు నోరు తెరవండి. నడుస్తూ మొదలుపెడితే మొదటి వాక్యం ఎవరికీ వినపడదు, మీరు చెమటోడ్చి రాసిన వాక్యం అదే.

చూపు గురించి రకరకాల చిట్కాలుంటాయి, గోడ చూడమని, నుదురు చూడమని. వాటిని పక్కన పెట్టండి. ఒక వాక్యం ఒకరికి చెప్పండి, తర్వాతి వాక్యం ఇంకోవైపున్న ఇంకొకరికి. టీచర్‌నే చూస్తూ మాట్లాడితే క్లాసు మిమ్మల్ని వదిలేస్తుంది. నవ్వుతూ తలూపే స్నేహితుడు ఊపిరి తీసుకోవడానికి పనికొస్తాడు, కానీ అక్కడే ఆగిపోకండి. మీకు కావాల్సింది చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లు.

చేతులు ఏం చేయాలో తెలియకపోతే ఒకచేత్తో అట్టముక్కలు పట్టుకోండి, రెండోదాన్ని వదిలేయండి, అదే చూసుకుంటుంది. వేగం మాత్రం గమనించండి, కంగారులో అందరూ పరుగెడతారు. ఆధారం చెప్పేముందు ఒకసారి, పని అడిగేముందు ఒకసారి కావాలని ఆగండి. అట్ట మీద ఆ చోట "ఆగు" అని రాసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు.

మరిచిపోతే? అట్ట చూడండి, దొరికిన చోటు నుంచి సాగిపోండి. ఒక పాయింట్ ఎగిరిపోయినా అది ఉందని మీకు తప్ప ఎవరికీ తెలియదు. అనుకోని చోట నవ్వారా? మీరూ నవ్వి, నవ్వు సద్దుమణిగాక కొనసాగించండి. టైము అయిపోతోందా? మధ్యలో కోసేసి చివరి అట్టకు దూకండి. అడగాల్సిన పని అడగకుండా మాత్రం కూర్చోవద్దు.

12. ప్రశ్నలు

ప్రశ్న అడిగిన వ్యక్తి గోడ దిగాలా వద్దా అని ఊగుతున్నాడన్నమాట, అతని మీద గెలవాలని చూడకండి. ప్రశ్నను ఒకసారి తిరిగి చెప్పండి, అందరికీ వినపడుతుంది, మీకూ ఆలోచించుకోవడానికి నాలుగు క్షణాలు దొరుకుతాయి. జవాబు రెండు మూడు వాక్యాల్లో ముగించండి. తెలియకపోతే "తెలియదు, చూసి చెప్తాను" అనండి, తర్వాత నిజంగానే చూసి చెప్పండి.

మొదట్లో మీరు మాట్లాడిన ఐదుగురూ గుర్తున్నారు కదా. వచ్చే పరీక్ష అయ్యాక వాళ్లను మళ్లీ విడివిడిగా అడగండి: "ముందు రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్?"